దిక్కులు, మూలలు: ఆటపెట్టె పిడిని గూర్చి



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచినది ఒక చిన్న కఱ్ఱను గూర్చి. అది బెత్తెడు పొడవు కూడ ఉండదు. దాని కొనయందు చిన్న నిమ్మకాయంత గుండు ఉండును. ఆ గుండు పట్టుకొని అటునిటు వంచినచో ఎదుటి తెఱమీది బొమ్మయు అటునిటు కదలును. దీనిని జాయ్‌స్టిక్కందురు. మన పిల్లలందఱకును ఈ మాట తెలియును. నేను సులువుకొఱకు పిడి యనుచుందును.

ఇంత చిన్న వస్తువును గూర్చి గ్రామములలోని పెద్దలకు చెప్పవలసినదేమున్నదని మీకు తోచవచ్చును. పట్టణమందున్న కొడుకింటికో కూతురింటికో పోయినపుడు, మనుమలు ఈ పిడిని మీ చేతికిచ్చి ఆటకు కూర్చుండబెట్టు దినములు వచ్చినవి. ఆట చెడినపుడు తప్పు చేతిదో పిడిదో తెలిసియుండుట అవసరము. తెలియనందువలన ఒక పెద్దమనిషి తన చేతిని తానే నిందించుకొని లేచిపోవుట నేను చూచితిని. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఆటపెట్టె యనగా నిలువెత్తు చెక్క బీరువావంటిది. లోపల కంప్యూటరు, కంటి యెత్తున తెఱ, నడుము ఎత్తున ఒక వాలుపలక, ఆ పలకమీద పిడియు నాలుగాఱు మీటలును ఉండును. 1980 ప్రాంతమున జపానులోను అమెరికాలోను ఇట్టి పెట్టెలు అంగళ్లలో ఉంచి, నాణెము వేసినవారిచే ఆడించెడివారు. మన పట్టణములకు అవి కొంత ఆలస్యముగ వచ్చినవి. 1990 తరువాత వీడియోగేము సెంటరు అను పేరుతో సందులలో వెలసిన చీకటి గదులు మీలో కొందఱకు జ్ఞాపకముండవచ్చును. బడి మాని అచ్చట దొరికిపోయిన కుఱ్ఱలను చెవి పట్టుకొని ఇంటికి తెచ్చినవారును మీలో ఉందురు. ఆ గదులలో ముస్తఫా అను ఆట బహుప్రసిద్ధము. జపానులోని క్యాప్‌కామ్ వారు 1993లో విడుదల చేసిన ఆ ఆటకు అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులో ముస్తఫా అను వీరుడొకడు ఉండుటచేత మన దేశమున పిల్లలు ఆటనే ఆ పేరుతో పిలిచిరి. అసలు పేరు పలుకువాడు నాకు కనబడలేదు.

అప్పటి పెట్టెలో సాధారణముగ ఒక్క ఆటయే ఉండెడిది. 1997లో ఇటలీ దేశస్థుడగు నికోలా సాల్మోరియా అను నాతడు మేమ్ అను ప్రోగ్రామును ఆరంభించెను. దానివలన పూర్వపు యంత్రములలోని ఆటలు సాధారణమైన కంప్యూటరుమీద ఆడుటకు వీలు కలిగెను. 2012లో ఇంగ్లండునుండి అఱచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు వచ్చెను. ఇక పెట్టె ఒకటి, ఆటలు వందలు అయినవి. మన చిక్కు కూడ అచ్చటనే పుట్టినది.

హైదరాబాదులో బంజారా హిల్స్ అను కొండప్రదేశమున్నది. బంజారాలు, అనగా మన లంబాడీలు, పూర్వము నివసించిన చోటగుటచేత దానికి ఆ పేరు వచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను అచ్చట నెలకొల్పిరి. క్రమముగ ఆ ప్రాంతమును, చేరువనున్న జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్‌లును తెలుగు చిత్రములకు పుట్టినిల్లయినవి. దిగువనున్న కృష్ణానగర్‌లో చిత్రములకు పనిచేయువారు వేలకొలది కాపురముందురు. వారిలో సెట్టులు కట్టు వడ్రంగులు కొందఱు. పగలు చెక్కతో రాజమందిరము కట్టి మఱునాడు పీకివేయు ఈ పనివారికి ఆటపెట్టె కట్టుట ఒక లెక్కలోనిది కాదు. బంజారా హిల్స్‌లో నేనెఱిగిన ఒక ఇంట పెట్టెను అట్టి వడ్రంగియే కట్టెను. కంప్యూటరు పని ఆ ఇంటి కుఱ్ఱవాడు చూచుకొనెను. పిడిని మాత్రము బజారున కొనిరి. రెండు విధముల ఆటలకును పనికివచ్చునని దుకాణదారుడు చెప్పగా నమ్మిరి.

ఆ కుఱ్ఱవాని తాతగారు కృష్ణాజిల్లాలో ఉపాధ్యాయులుగ పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. చదరంగమున గట్టి చేయి. సంక్రాంతికి వచ్చినపుడు మనుమడు ఆయనను ప్యాక్‌మ్యాన్ ఆటకు కూర్చుండబెట్టెను. జపానులో నామ్కో అను సంస్థయందు ఇవాతానీ తోరు అనునాతడు రచింపగా 1980లో వెలువడిన ఆట ఇది. తెఱమీద సందుగొందుల చిక్కుదారి యుండును. పసుపుపచ్చని గుండ్రని బొమ్మ నోరు తెఱచి దారిలోని చుక్కలను మ్రింగుచు పోవుచుండును. నాలుగు దయ్యములు దానిని తఱుముచుండును. దయ్యముకంటె ముందు సందు తిరుగుటలోనే నేర్పంతయు ఉన్నది. మలుపు రాకముందే పిడిని ఆ దిక్కునకు వంచియుంచినచో బొమ్మ మలుపును ఒఱసికొని తిరిగి దయ్యముకంటె ఇసుమంత ముందడుగు వేయును. ఆ ఇసుమంతతోనే ప్రాణము దక్కును.

తాతగారు ఈ సూక్ష్మమును రెండవ ఆటలోనే కనిపెట్టిరి. అయినను, తూర్పుగ పోవుచు ఉత్తరమునకు తిప్పబోయినపుడెల్ల బొమ్మ మలుపు దాటి తిన్నగా పోయి దయ్యము నోట పడుచుండెను. నాలుగైదు మారులు అట్లే జరిగెను. "తాతయ్యా, నీ చేయి ఆలస్యమవుతోంది" అని మనుమడనెను. ఆయన కొంతసేపు తన చేతిని చూచుకొని, "అవునురా నాయనా, వయసు మీద పడింది" అని లేచిపోయిరి. ఆ పండుగ దినములలో మఱల పెట్టెవద్దకు రాలేదు. చదరంగపు పలకను కూడ తీయలేదు. ఈ రెండవది నాకు బాధ కలిగించెను.

ఆయన చేతిలో దోషమేమియు లేదు. ఎందువలన లేదో తెలియవలెనన్న పిడి పొట్ట విప్పి చూడవలయును.

లోపల ఒక ఉక్కు కడ్డీ యుండును. దాని నడుమ గుండ్రని కీలు ఉండును. విడిచినపుడు తిరిగి నిటారుగ నిలుచుటకు స్ప్రింగు ఉండును. క్రింది కొనచుట్టు నాలుగు వైపుల నాలుగు చిన్న స్విచ్చులుండును. మైక్రోవేవ్ పొయ్యి తలుపు మూసినపుడు టిక్కుమని పలుకునవి ఈ జాతివే, మైక్రోస్విచ్చులందురు. మీరు గుండును తూర్పునకు వంచినచో కడ్డీ క్రింది కొన తక్కెడవలె పడమటికి పోయి అచ్చటి స్విచ్చిని నొక్కును. కావున పడమటి స్విచ్చి తీగను తూర్పునకు కలుపవలెను. క్రొత్తగా పెట్టె కట్టువారిలో పలువురు మొదటి దినమున ఎడమకు త్రిప్పిన బొమ్మ కుడికి పోవుచున్నదని గోల చేయుట ఇందువలననే.

ఎనిమిది దిక్కుల పిడి యన్నపుడు లోపల ఎనిమిది స్విచ్చులుండునని తలంతుము. అట్లు కాదు, సాధారణముగ అట్టి పిడికిని స్విచ్చులు నాలుగే. ఈశాన్యమునకు ప్రత్యేకమైన స్విచ్చి లేదు. ఉత్తరము, తూర్పు రెండును ఒక్కసారి నొక్కబడినపుడు దానినే యంత్రము ఈశాన్యమని గ్రహించును. ఆగ్నేయము, నైరుతి, వాయవ్యములును అంతే.

ఇక ఆటలలోని భేదము చూడుడు. చదరంగమున ఏనుగు నాలుగు దిక్కులకే పోవును, మూలకు పోదు. మంత్రి ఎనిమిది వైపుల పోవును. ప్యాక్‌మ్యాన్, 1981లో నింటెండో వారు వెలువరించిన డాంకీకాంగ్, 1982 నాటి డిగ్ డగ్ మున్నగునవి ఏనుగు ఆటలు. వాటి దారులలో మూల యన్నదే లేదు. ముస్తఫాయు, 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ రెండవదియు మంత్రి ఆటలు. మూలకు ఎగురనిచో, మూలకు వంగి కూర్చుండనిచో వాటిలో దెబ్బలు తప్పించుకొనలేము. ఏనుగు ఆటను మంత్రి పిడితో ఆడించినపుడు ఏమగునో చూడుడు. చేయి తూర్పునుండి ఉత్తరమునకు తిరుగునపుడు నడుమ ఈశాన్యముగుండ పోవును. ఆ క్షణమున రెండు స్విచ్చులును నొక్కబడియుండును. తూర్పును ఉత్తరమును ఒక్కసారి చెప్పినచో ప్యాక్‌మ్యాన్‌కు అర్థము కాదు. అది పాతదారినే పోవచ్చును. మలుపు కాస్త దాటిపోవును. ఉపాధ్యాయులవారి చేయి సకాలముననే తిరిగినది. అయితే పిడి రెండు మాటలు ఒక్కసారి చెప్పినది.

పూర్వపు ప్యాక్‌మ్యాన్ పెట్టెలో ఈ బెడద లేదు. దానికి మూలకు పోనీయని పిడిని బిగించి యమ్మిరి. వందల ఆటలు ఒక్క పెట్టెలో చేరిన తరువాతనే, ఒక పిడియే ఒకప్పుడు ఏనుగుగను ఒకప్పుడు మంత్రిగను ఉండవలసివచ్చినది.

ఈ మార్పు ఎట్లు సాధ్యమన్నచో, కడ్డీ క్రింది కొన ఒక పలకలోని కంతలో తిరుగును. ఆ పలకను గేటందురు. ద్వారబంధమునకు మన పనివారు వాడు మాట వంటిదే. కంత చదరముగ ఉండును. దాని ప్రక్కలు మన ఇంటి గోడలవలె దిక్కులకు సరిగా ఉన్నచో, కడ్డీ నాలుగు మూలలలోనికిని జరిగిపోగలదు. అప్పుడది మంత్రి. అదే పలకను 45 డిగ్రీలు త్రిప్పి, పేకముక్కలలోని డైమను గుర్తువలె నిలిపినచో, కంత మూలలు తూర్పు పడమరలకు వచ్చును. ఈశాన్యమున గోడ అడ్డుపడును. అప్పుడది ఏనుగు. వాస్తు తెలిసినవారికి ఇది విదిక్కుల ఇల్లువలె తోచును. ఇచ్చట మాత్రము విదిక్కులే మేలు చేయుచున్నవి.

దీనిలో ఒక చిన్న గణితము కలదు. దానిని తెలియకయే కొందఱు పిడిని పాడుచేయుదురు. కంత నడుమనుండి గోడకు 10 పాళ్ల దూరమున్నదనుకొనుడు. పలక ఇంటిగోడలవలె ఉన్నపుడు కడ్డీ తూర్పునకు 10 పాళ్లు పోవును. మూలకు పోయినచో తూర్పునకు 10, ఉత్తరమునకు 10 పోవును. పలకను డైమనుగ త్రిప్పినపుడు తూర్పునకు 14 పాళ్లు పోవును, ఈశాన్యమునకు 10 మాత్రమే. ఈశాన్యపు 10 పాళ్లలో తూర్పు వాటా 7, ఉత్తరపు వాటా 7. అందుచేత స్విచ్చి టిక్కుమనవలసిన చోటు 7 పాళ్లకు పైన, 10 పాళ్లకు లోపల ఉండవలెను. 6 పాళ్లకే టిక్కుమన్నచో పలకను ఎట్లు త్రిప్పినను మూల పలుకుచునే యుండును. 11 పాళ్లకు కాని టిక్కుమననిచో మంత్రిగ ఉన్నపుడు తూర్పు కూడ పలుకదు. బంజారా హిల్స్ ఇంటివారు కొన్న పిడికి ఈ మొదటి రోగమే. అది జపాను పిడికి నకలు. కన్నులకు రెండును ఒకటే. పలక తిరుగును, మూల మూతపడదు.

ఇక కొనుటను గూర్చి. జపానులోని సాన్వా సంస్థవారి జేఎల్‌ఎఫ్ అను పిడి ఈ పనికి చాల ప్రసిద్ధము. దాని గేటును అడుగుననుండి విప్పి 45 డిగ్రీలు త్రిప్పి మఱల బిగింపవచ్చును. నకళ్లకంటె దాని వెల కొన్ని రెట్లుండును; మన్నికయు అంతే. నా కంటికి దాని లోపమొక్కటి: గేటు త్రిప్పవలెనన్న ప్రతిమారు పెట్టె పలక ఎత్తవలెను. కొన్న వారము దినములు ఎత్తుదురు. ఆ పిమ్మట ఎవరును ఎత్తరు. ఇంటిలో కుఱ్ఱవాని ఆటలే ఎక్కువగుటచే గేటు మంత్రిస్థానముననే ఉండిపోవును. తాతగారు వచ్చినపుడు కథ మఱల మొదటికి వచ్చును.

పలక ఎత్తకుండ మార్చుకొనునవియు కలవు. ఇంగ్లండులోని అల్టిమార్క్ వారు చేసిన మాగ్‌స్టిక్ ప్లస్ అను పిడిని గుండు పట్టి పైకి లాగి త్రిప్పినచో మార్పు జరుగును. వారిదే సర్వోస్టిక్ అనుదానిలో చిన్న మోటారు ఉండును. మీరు తెఱమీద ఆటను ఎన్నుకొనగనే కంప్యూటరు ఆజ్ఞచే మోటారే గేటును త్రిప్పును. వారి మఱియొక పిడియందు స్విచ్చులే లేవు. కడ్డీ ఎంత వంగెనో కొలిచి, ఏది దిక్కు ఏది మూల యని కంప్యూటరు నిర్ణయించును. అది తెలివైనదే. కాని చేతికి గోడ తగులదు. వయసు వచ్చినవారి చేతికి గోడ తగులుట అవసరమని నా అభిప్రాయము. గుడ్డి వెలుతురులో గుమ్మము తడిమి నడచినట్లు, ఆ తాకిడినిబట్టియే చేయి దారి నేర్చుకొనును. ప్రోగ్రాములోనే మూలలను వడకట్టు ఉపాయములను గూర్చియు నేను ఈ మాటయే చెప్పుదును.

విదేశపు సరకు తెప్పించు స్తోమత లేనివారు, ఉన్నదానిని దిద్దుకొనవచ్చును. ఆ ఇంట వడ్రంగి చేసిన పనిని చూచినట్లు చెప్పెదను.

ముందుగ రోగము తేల్చవలెను. పెట్టె చప్పుడు లేకుండ చేసి, గేటును డైమనుగ ఉంచి, పిడిని మెల్లగా ఈశాన్యమునకు నొక్కి చెవియొగ్గి వినుడు. ఒక్క టిక్కయినను వినబడకపోవుటో, ఒక్కటి మాత్రము వినబడుటో మంచిది. రెండు టిక్కులు వినబడినచో కంత పెద్దది, లేదా స్విచ్చులు దగ్గఱివి. నాలుగు మూలలను ఇట్లే పరీక్షింపవలెను. చవుకపిడులలో మూడు మూలలు సరిగ ఉండి నాలుగవది తప్పుట సాధారణము.

కంత కొంచెము చిన్నదైన క్రొత్తగేటు చేయుటయే దీనికి మందు. మొదట అట్టముక్కతో చేసి చూచిరి. అది కుదిరిన పిదప వంటింటిలో కూరలు తరుగు ప్లాస్టిక్కు పలకనుండి కోసిరి. గాజువలె మెఱయు అక్రిలిక్కు అందముగ ఉండును కాని, ముస్తఫా ఆడు పిల్లల దెబ్బకు మూలలలో చీలును. తరుగుపలక మెత్తని పదార్థము, దెబ్బ ఓర్చును. కంతను మొదటనే పూర్తిగా కోయరాదు. చిన్నదిగా కోసి, ఆకురాయితో ఇంచుక ఇంచుక రాచి, ప్రతిమారు బిగించి టిక్కు వినవలెను. ఎక్కువ రాచినచో మఱల అతికింపలేము. ఆ వడ్రంగి మూడు పలకలను పాడుచేసి నాలుగవదానిని నిలిపెను. రాజమందిరము కట్టినపుడు ఇంత ఓపిక అక్కఱలేదని నవ్వెను.

పలకను గుండ్రని బిళ్లగ కోసి, చుట్టు ఒక చట్రము బిగించి, తిరుగలిరాయివలె తిరుగునట్లు చేసిరి. బిళ్ల అంచునుండి ఇత్తడి చేయి ఒకటి పెట్టె ముందు చెక్కలోని సన్నని చీలికగుండ బయటికి వచ్చును. చీలిక రెండు కొనలును చేతికి హద్దులు. నడుమ దూరము సరిగ 45 డిగ్రీలు. చేయి నడుమ నిలిచిపోయినచో పిడి ఏనుగును కాదు, మంత్రియు కాదు. పిల్లల కుదుపులకు అది మెల్లగా జరుగుచుండును కూడ. అందుచేత రెండు కొనలయందు చిన్న అయస్కాంతము చొప్పున అతికించి, ఆ చేతి వెనుక ఇనుపబిళ్ల పెట్టిరి. చేయి కొన చేరగనే అంటుకొనును. అయస్కాంతములు కోఠిలో గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్సు దుకాణములలో తెచ్చిరి. అదనముగ రెండు మైక్రోస్విచ్చులు, ఒక స్ప్రింగు కొని పెట్టె లోపలనే కట్టి ఉంచిరి.

భయపడువారికి ఒక మాట. పిడి తీగలలో ఉండునది 5 వోల్టులకు మించని విద్యుత్తు, షాకు కొట్టదు. తెఱ పాతకాలపు గాజుబుడ్డిది అయినచో మాత్రము దాని వెనుక చేయి పెట్టరాదు. కరెంటు తీసివేసిన తరువాత కూడ అందులో వేల వోల్టులు నిలిచియుండవచ్చును. ఈనాటి పలుచని తెఱలలో అట్టి గాజుబుడ్డి ఉండదు.

ఉపాధ్యాయులవారు ఉగాదికి మఱల వచ్చిరి. మనుమడు ఏమియు చెప్పక ఇత్తడి చేతిని ఏనుగు వైపునకు జరిపి పిడిని ఆయన చేతికిచ్చెను. నేనును అచ్చట ఉంటిని. మొదటి మలుపు తిరిగినది. రెండవదియు తిరిగినది. ఆయన ఆట ఆపి, "పిడి మార్చావట్రా?" అని అడిగిరి. "అదే పిడి తాతయ్యా" అని కుఱ్ఱవాడు బిళ్ల విప్పి చూపెను. ఆయన తన కళ్లజోడు సవరించుకొని, కంతను 10 పాళ్లుగ ఊహించి పైన నేను చెప్పిన లెక్కను కాగితముమీద తామే వేసి సరిచూచుకొనిరి. లెక్క నేను ఆయనవద్దనే నేర్చితిని. ఆ రాత్రి భోజనమునకు ఇద్దఱిని రెండుసార్లు పిలువవలసివచ్చెను.

ఆ ఇంట తీరని కోరిక ఒకటి మిగిలినది. 1982లో అమెరికాలోని గాట్లీబ్ వారు చేసిన క్యూబర్ట్ అను ఆటలో బొమ్మ మెట్లమీద మూలలకే గంతులు వేయును, దిక్కులకు పోదు, చదరంగపు శకటువంటిది. దానికొఱకు అసలు పెట్టెలో ఏనుగు పిడినే 45 డిగ్రీలు వంకరగ బిగించిరి. గేటును త్రిప్పుటచే ఇది కుదురదు. పిడినంతటిని స్విచ్చులతోకూడ త్రిప్పవలెను. వడ్రంగి చేసెదనన్నాడు. తాతగారు పెట్టె ముందు చెక్కలో ఇంకొక చీలిక వలదనిరి.